ఆల్డో మోరో: ఆ 55 రోజులకు ముందు ఉన్న మనిషి ఎవరు?

బెజవాడ బాబ్జీ
అందరికీ నమస్కారం. మొన్న శనాదివారాల్లో ఇటలీ మాజీ ప్రధాని మోరో కిడ్నాప్ మీద వచ్చిన సిరీస్ ఒకటి ఏకబిగిన చూసేశాను. 1978 మార్చి 16న రెడ్ బ్రిగేడ్స్ అనే సాయుధ వామపక్ష ముఠా వాళ్లు ఎత్తుకెళ్లారు, మే 9న కారు వెనకభాగంలో శవం దొరికింది. అంతవరకు బానే అర్థమైంది. కానీ అంతకుముందు ఈయన చేసిందేమిటి? క్రిమినల్ లా చెప్పుకునే ప్రొఫెసరు అయిదు ప్రభుత్వాలకు ప్రధాని ఎలా అయ్యాడు? నెట్‌లో ఎక్కడ వెతికినా కిడ్నాప్ గొడవే. తెలిసినవాళ్లు మొదట్నుంచి చెప్పండి. కాన్‌స్పిరసీ థియరీలు మాత్రం వద్దు బాబోయ్, వాటితో కడుపు నిండిపోయింది.

పాతపుస్తకం
బాబ్జీ, నీకు ఓపికుంటే నాకు రాసే ఓపికుంది.

ఇటలీ పటంలో బూటు మడమ ఉంటుందే, అక్కడ లెచ్చే జిల్లాలో మాల్యే అనే ఊరు. 1916 సెప్టెంబర్ 23న అక్కడ పుట్టాడు. తండ్రి బడుల ఇన్‌స్పెక్టరు, తల్లి పంతులమ్మ. తారాంతోలో స్కూలు చదువు, బారీలో లా. 1938లో పట్టా, 1941కల్లా అదే యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాడు. మధ్యలో ఫూచీ అనే కాథలిక్ విద్యార్థుల సంఘానికి జాతీయ అధ్యక్షుడిగా చేశాడు. ముస్సోలినీ హయాంలో కుర్రకారు పార్టీ యూనిఫారం లేకుండా కూర్చుని మాట్లాడుకోగలిగిన కొద్ది చోట్లలో అదొకటి. అక్కడివాళ్లు ఇద్దరిని గుర్తుపెట్టుకో. ఆ సంఘానికి అంతకుముందు మతగురువుగా ఉండి, మోరో తరానికి పెద్దదిక్కులా నిలిచిన మోంతీనీ ఒకరు. 1942లో మోరో దిగిపోయాక ఆ అధ్యక్ష కుర్చీ ఎక్కిన ఆంద్రెయోత్తీ ఇంకొకరు. 1978లో మోరో బందీగా ఉన్ననాటికి మొదటాయన పోప్ పాల్ 6, రెండో ఆయన ప్రధానమంత్రి.

యుద్ధం అయిపోయింది, రాజు పోయాడు. 1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యేటప్పటికి మోరోకి 29 ఏళ్లు. ముసాయిదా రాసే 75 మంది కమిషన్‌లోనూ చోటు దొరికింది. మోరో ఉన్న కాథలిక్కుల పార్టీ క్రిస్టియన్ డెమోక్రసీలో అప్పుడు ప్రొఫెసర్ల జట్టు ఒకటి ఉండేది. దొస్సెత్తీ చర్చి చట్టం చెప్పేవాడు, లా పీరా రోమన్ లా, ఫన్‌ఫానీ ఆర్థిక చరిత్ర. వీళ్లని ‘చిన్న ప్రొఫెసర్లు’ అని కాస్త వెటకారంగా పిలిచేవారు. ‘ఇటలీ శ్రమ పునాదిగా ఏర్పడిన ప్రజాస్వామ్య గణతంత్రం’ అన్న మొదటి వాక్యం ఫన్‌ఫానీ సవరణ. మోరో 1947 మార్చి 13న సభలో మాట్లాడుతూ, ఫాసిజం సంగతి పట్టించుకోనట్టు తటస్థంగా ఉండే రాజ్యాంగం రాయడం కుదరదు, దేశం దేన్ని దాటి వచ్చిందో అది అందులో కనపడాల్సిందే అన్నాడు. ముప్ఫయ్యో ఏట అన్న ఆ మాటే తర్వాతి ముప్ఫయ్యేళ్ల రాజకీయానికీ మూలం అని నా లెక్క. ఎదుటి పక్షాన్ని లేనట్టు భావించి దేశాన్ని నడపడం ఆయనకి ఏనాడూ నచ్చలేదు.

ఆ జట్టు తర్వాత తలో దారి పట్టింది. దొస్సెత్తీ ఫాదరీ అయిపోయాడు. లా పీరా ఫ్లోరెన్స్ మేయరయ్యాడు. ఫన్‌ఫానీ, మోరో పార్టీలోనే ఉండి, ఒకరి కుర్చీ ఒకరు మార్చుకుంటూ వచ్చారు.

లా ఫైనలియర్
మాస్టారూ, చిన్న డౌటు. ఈ ‘ప్రొఫెసర్’ అన్నది నిజంగా పాఠాలు చెప్పిన ప్రొఫెసరేనా, లేక గౌరవానికి తగిలించిందా? క్రిమినల్ లాలో ఆయన పని ఏమన్నా ఉందా?

పాతపుస్తకం
నూటికి నూరుపాళ్లు పాఠాలు చెప్పినవాడే. నేరంలో ‘చట్టవిరుద్ధత’ అనే అంశం మీద 1947లో పుస్తకం వేశాడు, ఒకే పని ఎప్పుడు ఒక నేరం, ఎప్పుడు అనేక నేరాలు అన్నదాని మీద 1951లో ఇంకోటి. ఆ ఏడే బారీలో పూర్తిస్థాయి ప్రొఫెసరయ్యాడు. 1963లో రోమ్‌లోని సపియెంజా యూనివర్సిటీకి మారాడు, రాజనీతి శాస్త్రం పిల్లలకు శిక్షాస్మృతి, ప్రొసీజరు చెప్పేవాడు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే మొదటిసారి ప్రధాని అయ్యాడు, అయినా క్లాసు మానలేదు. పిల్లల్ని జైళ్లకీ, మతి చెడిన నేరస్థుల్ని ఉంచే ఆసుపత్రులకీ తీసుకెళ్లి చూపించేవాడు. శిక్ష గురించి చెప్పేవాడు శిక్ష పడిన చోటు చూడకపోతే ఎలా అని.

కిడ్నాప్ అయిన రోజు పార్లమెంటు పని చూసుకుని యూనివర్సిటీకి వెళ్లాల్సి ఉంది. కారులో విద్యార్థుల థీసిస్‌లు ఉన్నాయి.

ఓరుగల్లు పోరడు
ఎత్తుడు బాగనే ఉంది గని ఇంకో దిక్కు కూడ చెప్పాలె కద. 1963ల సోషలిస్టులను ప్రభుత్వంలకు తెచ్చిండు, వాళ్ల లీడర్ నెన్నీని ఉప ప్రధాని చేసిండు, మంచిదే. మరి ఆ సర్కారు చేసిందేంది? కరెంటు కంపెనీలను జాతీయం చేసుడు, పిల్లలందరికి ఒకే తీరు మిడిల్ స్కూలు పెట్టుడు, రెండూ అంతకు ముందే 1962ల ఫన్‌ఫానీ సర్కారుల అయిపోయినయ్. మోరో వచ్చినంక పట్టణ భూముల సంస్కరణ అన్నరు, అది అటకెక్కింది. 1964 ఎండకాలంల కరబినీరీ అనే మిలిటరీ పోలీసుల జనరల్ దె లొరెంజో, ఎవరెవరిని పట్టుకపోవాలె, ఏ ఆఫీసులు కబ్జా చేయాలె అని ప్లాన్ తయారు చేసి పెట్టుకున్నడు. నెన్నీ దానికి భయపడే సంస్కరణలు తగ్గించుకున్నడని చానామంది అంటరు. 1967ల పత్రిక దాన్ని బయటపెడితే, మోరో సర్కారు ఏం చేసింది? రాజ్య రహస్యమని కాయితాలల్ల నల్లగీతలు కొట్టిచ్చింది.

ఇంకోటి. 1977 మార్చిల లాక్‌హీడ్ విమానాల లంచం కేసు పార్లమెంటుకొచ్చింది. మా పార్టీని బజార్ల నిలబెట్టి విచారిస్తమంటే ఒప్పుకోం అని నిలబడి చెప్పిండు గీయన. క్రిమినల్ లా సారు అనాల్సిన మాటేనా అది?

పాతపుస్తకం
నల్లగీతల సంగతిలో నీతో నాకు తగువు లేదు. అది ఆయన ఖాతాలోదే, ఎవరూ చెరపలేరు. లాక్‌హీడ్ ప్రసంగం కూడా, పార్టీ పరువు కోసం న్యాయశాస్త్రాన్ని పక్కన పెట్టిన రోజు అనే నేనూ అంటాను.

కానీ 1963 దగ్గర నువ్వు ఒకటి వదిలేశావు. అమెరికా అనుమానంగా చూస్తోంది, బిషప్పుల్లో సగం మంది కస్సుమంటున్నారు, సొంత పార్టీలో కుడిపక్షం కత్తులు నూరుతోంది. ఫన్‌ఫానీ ఇలాంటి చోట తలతో గోడని ఢీకొట్టే రకం. మోరో గోడ పక్కన కూర్చుని, గోడ తనంతట తాను జరిగేదాకా మాట్లాడతాడు. 1962లో నేపుల్స్ పార్టీ మహాసభలో ఆయన ప్రసంగం దాదాపు ఆరు గంటలు. అలిసిపోయి ఒప్పుకున్నారని జోకులేశారు గానీ, ఆ సభ అయ్యాక పార్టీ చీలకుండా మొత్తంగా ఎడమకి కదిలింది. పార్టీ చీలిపోయి ఉంటే సోషలిస్టులకి ఆ సగం సంస్కరణలు కూడా దక్కేవి కావు.

చిన్న పనులు కూడా చూడండి. 1957 నుంచి 1959 దాకా విద్యామంత్రి. స్కూళ్లలో పౌరశాస్త్రం పెట్టించింది 1958లో ఈయనే, చరిత్ర మాస్టారు నెలకి రెండు గంటలు చెప్పాలి. ఫాసిజం పోయి పదమూడేళ్లయినా, రాజ్యాంగంలో ఏముందో బడి పిల్లలకి చెప్పే ఏర్పాటే లేదప్పటిదాకా.

బెజవాడ బాబ్జీ
ఇప్పుడు బొమ్మ కడుతోంది. మరి కమ్యూనిస్టుల దగ్గరికి ఎందుకెళ్లాడు? క్రిస్టియన్ డెమోక్రసీ పుట్టిందే వాళ్లని ఆపడానికి కదా?

పాతపుస్తకం
అంకెలు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. 1976 జూన్ ఎన్నికల్లో క్రిస్టియన్ డెమోక్రసీకి 38.7 శాతం, కమ్యూనిస్టు పార్టీకి 34.4. ఇద్దరిలో ఎవరికీ సొంతంగా ప్రభుత్వం కట్టే బలం లేదు, సోషలిస్టులు వెనకటిలా సర్దుకుపోమన్నారు. ధరలు మండిపోతున్నాయి, 1969లో మిలాన్ పియాజా ఫొంతానా బ్యాంకులో పేలిన బాంబు దగ్గర్నుంచి రక్తం ఆగలేదు.

అటు కమ్యూనిస్టు నాయకుడు బెర్లింగ్వెర్, 1973లో చిలీలో వామపక్ష అధ్యక్షుడు అయెందేని సైన్యం కూల్చేయడం చూశాక, 51 శాతం వచ్చినా సరే వామపక్షాలు ఒంటరిగా పాలించలేవు అని రాశాడు. కాథలిక్కులతో ‘చారిత్రక రాజీ’ అని పేరు పెట్టాడు. మోరో దానికి ఔననలేదు, కాదనలేదు. 1976లో ఆంద్రెయోత్తీ మైనారిటీ ప్రభుత్వం వచ్చింది, కమ్యూనిస్టులు వ్యతిరేకంగా ఓటెయ్యకుండా ఊరుకున్నారు. 1978కి అది ఇంకో మెట్టెక్కి, మంత్రి పదవులు లేకుండానే వాళ్లు బాహాటంగా మెజారిటీలో చేరారు. ఆ మెట్టుకి సొంత ఎంపీలని ఒప్పించింది ఫిబ్రవరి 28న మోరో చేసిన ప్రసంగం. ఆ ప్రభుత్వం విశ్వాస తీర్మానం కోసం సభ ముందుకొచ్చే రోజు మార్చి 16. తెల్లారి ఇంట్లోంచి బయల్దేరింది అక్కడికే.

ఓరుగల్లు పోరడు
అమెరికా ముచ్చట మర్చిపోకు. 1974ల విదేశాంగ మంత్రిగ అక్కడికి పోయిండు. అక్కడ ఎవరో పెద్ద మనిషి బెదిరిచ్చిండని ఆయన భార్య ఎలెయొనోరా తర్వాత విచారణల చెప్పింది.

మోడరేటర్
ఆమె వాంగ్మూలం వరకు ఓకే. అక్కణ్ణుంచి ఫలానా గూఢచారి సంస్థే చంపించింది అని ఎవరైనా మొదలెడితే పోస్టు తీసేస్తాను.

రోమ్‌లో రాజమండ్రి
ఆలస్యంగా వచ్చాను. రోజూ బస్సు దిగి నడిచే దారిలోనే, మోరో శవం దొరికిన వియా కయెతానీ. సన్నటి వీధి, రెండు పక్కలా పాతకాలపు ఎత్తు గోడలు, ఒక వారగా కార్లు పార్కు చేసి ఉంటాయి. గోడకి ఆయన ముఖం చెక్కిన ఫలకం, కింద ఏడాది పొడుగునా ఎవరో ఒకరు పెట్టిన పూలు. మే 9న మాత్రం వీధి మూసేస్తారు, రాష్ట్రపతి వచ్చి దండ పెడతాడు. శవం ఉన్న ఎర్ర రెనో 4 కారుని అక్కడ వదిలారు. క్రిస్టియన్ డెమోక్రసీ ఆఫీసు పియాజా దెల్ జెసూలో, కమ్యూనిస్టు ఆఫీసు బొత్తెగె ఒస్కూరె వీధిలో, రెంటికీ నడిచి వెళ్లిపోవచ్చు. ‘రెండు ఆఫీసులకీ సరిగ్గా నడుమ’ అని టూరిస్టు గైడ్లు చెప్పేది అచ్చంగా నిజం కాదు, కమ్యూనిస్టు ఆఫీసుకే దగ్గర.

ఎత్తుకెళ్లిన చోటు వియా ఫానీ, ఊరికి ఉత్తరాన అపార్ట్‌మెంట్ల పేట. అలితాలియా ఎయిర్‌లైన్స్ యూనిఫారాలు వేసుకుని బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు వాళ్లు. మోరో కారు ఫియట్ 130, బుల్లెట్‌ప్రూఫ్ కాదు. తొంభైకి పైగా తూటాలు కాల్చారు, ఆయన మీద ఒక్కటీ పడలేదు. అయిదుగురు రక్షకులూ పోయారు: లెయొనార్దీ, రిచ్చీ, యొజ్జీనో, రివేరా, జిజ్జీ. 2018లో అక్కడ కొత్త స్మారకం కట్టారు. చాలామంది వియా కయెతానీ చూసి ఇక్కడికి రాకుండానే వెళ్లిపోతారు, నాకు అది ఎప్పుడూ బాధే.

మాల్యేలో విగ్రహం కూడా చూశాను. ఆయన చంకలో కమ్యూనిస్టు పార్టీ పత్రిక లూనితా పెట్టి చెక్కారు! దాని మీద ఇప్పటికీ అక్కడ తగాదాలే.

లా ఫైనలియర్
అక్కా, థాంక్స్. నాకు ఈ కథలో అన్నిటికన్నా మింగుడు పడనిది ఉత్తరాలు. కిడ్నాప్ సమయంలో ఎనభైకి పైగా రాశాడు, కొన్ని అప్పుడే చేరాయి, మిగతావి తర్వాత దొరికాయి. మార్చి 29న హోంమంత్రి కొస్సీగాకి చేరిన ఉత్తరం అనువాదంలో చదివాను. ఇది ప్రాణభయంతో వణుకుతున్నవాడు రాసింది కాదండీ, లా ప్రొఫెసర్ రాసింది. చట్టం అనే అమూర్త సూత్రం పేరు చెప్పి అమాయకుల్ని బలి ఇవ్వడం ఒప్పుకోదగ్గది కాదు, తోసిపుచ్చలేని ‘అనివార్య పరిస్థితి’ వాళ్లని కాపాడమంటోంది అని వాదిస్తాడు. ఇటలీ శిక్షాస్మృతిలో 54వ సెక్షన్ ఇదే. తీవ్రమైన హాని నుంచి తననో ఇంకొకర్నో కాపాడటానికి వేరే దారి లేక చేసిన పనికి శిక్ష లేదు అంటుంది. జీవితమంతా క్లాసులో చెప్పిందాన్నే తన కేసుకి అన్వయించాడు. పైగా తర్వాతి ఉత్తరాల్లో, ఖైదీల మార్పిడికి పాత ఉదాహరణలు చూపిస్తాడు: పాలస్తీనా వాళ్ల విషయంలో మన ప్రభుత్వం ఖైదీల్ని వదల్లేదా, నాకు తెలియదా అని. విదేశాంగ మంత్రిగా చేసినవాడు కాబట్టి ఆయనకి తెలుసు.

అప్పుడు బయట ఏమన్నారు? ఏప్రిల్ 25న పాత స్నేహితులు ఓ యాభైమంది సంతకం పెట్టి, ఈ ఉత్తరాలు రాసింది మనకు తెలిసిన మోరో కాదు అన్నారు! మత్తు మందిచ్చి రాయించారు, హింసించి రాయించారు అని పేపర్లు. చదివితే ఆ వాక్యం, ఆ మెలిక, ఆ ‘అయితే’లు, ‘అయినప్పటికీ’లు అచ్చం ఆయనవే.

ఓరుగల్లు పోరడు
తమ్ముడూ, మెలికలు సరే. ఆ అయిదుగురు పోలీసుల పెండ్లాలకు ఏమని చెప్తవ్? మీ మొగుళ్లను చంపినోళ్లతోని బేరం చేస్తున్నమనా? బెర్లింగ్వెర్ బేరం వద్దన్నది అందుకే. ఫ్యాక్టరీలల్ల కార్మికుల ముందల రెడ్ బ్రిగేడ్స్ కూడ మన ఎర్రజెండనే అని కొందరు అనుకుంటున్న రోజులవి. కమ్యూనిస్టు పార్టీ కొంచెం మెత్తబడితే పార్టీయే పోయేది. సోషలిస్టు లీడర్ క్రాక్సీ ఒక్కడు మాట్లాడుదాం అన్నడు, అండ్ల మానవత్వం ఎంతనో, మిగిలిన రెండు పెద్ద పార్టీలను ఇరుకున పెట్టుడు ఎంతనో నాకైతే డౌటే.

లా ఫైనలియర్
అన్నా, బేరం చెయ్యకపోవడం తప్పని నేననలేదు. చెయ్యం అనడానికి ఒక వాదన ఉంది, అది మీరు చెప్పింది. కానీ ఆ వాదన పెట్టకుండా, అవతలి వాదన చేసినవాడికి మతి పోయిందనడం వేరు. ప్రొఫెసర్‌కి జవాబు చెప్పలేక ఆయన సంతకమే చెల్లదన్నారు.

పాతపుస్తకం
ఈ మాట నేను చెప్పాలనుకున్నది, నువ్వు ముందే చెప్పేశావు.

ఒక్కడు మాత్రం ఆయన్ని ఆయనగానే పిలిచాడు. పోప్ పాల్ 6 ఏప్రిల్‌లో ‘రెడ్ బ్రిగేడ్స్ మనుషులారా’ అని మొదలెట్టి చేతిరాతతో ఉత్తరం రాశాడు, మోకాళ్ల మీద వేడుకుంటున్నాను అని. అందులో కూడా ‘ఏ షరతులూ లేకుండా’ వదలండి అన్న మాట ఉంది. ఆ మాట చూశాక ఆశ పోయిందని మోరో బంధువులు అన్నారు. మోరో చనిపోయాక కుటుంబం ప్రభుత్వ అంత్యక్రియలు వద్దంది. మే 10న తొర్రీతా తిబెరీనా అనే పల్లెలో చడీచప్పుడు లేకుండా పాతిపెట్టారు. మూడు రోజులకి రోమ్‌లో పెద్దలంతా శవం లేని ప్రార్థన జరిపారు, కుటుంబం రాలేదు. పోప్ ఆగస్టు 6న పోయాడు.

రోమ్‌లో రాజమండ్రి
మే 9న శవం ఎక్కడుందో చెప్పే ఫోను ఎవరికి చేశారో తెలుసా? పోలీసులకు కాదు, పేపరుకు కాదు. యూనివర్సిటీలో ఆయన అసిస్టెంటు ఫ్రాంకో త్రిత్తోకి. అవతల మాట్లాడింది రెడ్ బ్రిగేడ్స్ మనిషి మొరూచ్చీ. ఆ రికార్డింగు ఇక్కడ ఏటా టీవీలో వేస్తారు. అవతలివాడు ‘ప్రొఫెసర్’ అని పిలుస్తూ, అధ్యక్షుడి (అంటే మోరో) చివరి కోరిక తీరుస్తున్నాం, వీధి ఇది, కారు ఎర్ర రెనో 4, నంబరు ఇలా మొదలవుతుంది అని మర్యాదగా చెబుతుంటాడు. త్రిత్తో ఏడుపు ఆపుకోలేకపోతే వాళ్ల నాన్న ఫోను అందుకున్నాడు. మొదటిసారి విన్నప్పుడు ఆ మర్యాదే నాకు భయమేసింది.

బెజవాడ బాబ్జీ
అక్కా, సిరీస్‌లో ఆత్మల్ని పిలిచే సీను ఒకటి విన్నాను, ప్రొఫెసర్లు కూర్చుని... అది కల్పనే కదా?

రోమ్‌లో రాజమండ్రి
కల్పన అయితే బాగుండేది 😄 ఏప్రిల్ 2న బొలోన్యా దగ్గర ఒక పల్లెటూరి ఇంట్లో కొందరు ప్రొఫెసర్లు కుటుంబాలతో సహా చేరి, ఆత్మని పిలిస్తే ‘గ్రాదోలీ’ అని అక్షరాలు వచ్చాయట. అక్కడ ఉన్నవాళ్లలో రొమానో ప్రోదీ ఒకడు, తర్వాత రెండుసార్లు ప్రధాని అయిన ఆర్థికశాస్త్ర ప్రొఫెసరు. పార్లమెంటు విచారణ కమిషన్ ముందు ఆయనే ఈ మాట చెప్పాడు. ఎక్కడో విన్న మాటని చెప్పినవాడి పేరు రానీకుండా ఇలా చుట్టారని అందరి అనుమానం. పోలీసులు వితెర్బో దగ్గరున్న గ్రాదోలీ అనే ఊరిని జల్లెడ పట్టారు. రోమ్‌లో ఆ పేరుతో వీధి లేదా అని మోరో భార్య అడిగితే లేదన్నారట. ఉంది. 96 నంబరు బిల్డింగ్‌లో రెడ్ బ్రిగేడ్స్ నాయకుడు మొరెత్తీ అద్దెకుండేవాడు. ఏప్రిల్ 18న స్నానాలగదిలో నీళ్లు కారి కింది వాటా తడిస్తే ఆ ఇల్లు బయటపడింది. మోరోని దాచింది మాత్రం అక్కడ కాదు, వియా మొంతాల్చీనిలో.

మోడరేటర్
ఇది కమిషన్ రికార్డులో ఉంది కాబట్టి ఉంచుతున్నా. ఇంతటితో ఆపండి.

లా ఫైనలియర్
చివరగా ఒకటి. ఆయన 1976 లెక్చర్లు మిగిలాయి. మరణశిక్ష మీద ఆయన అభిప్రాయం ఊహించేదే. కానీ యావజ్జీవం గురించి కూడా, విడుదల ఆశ లేని జైలు మరణశిక్షంత క్రూరం, ఒక్కోసారి అంతకన్నా క్రూరం అన్నాడు. రాజ్యాంగంలో 27వ అధికరణం, శిక్ష మానవత్వానికి విరుద్ధంగా ఉండకూడదు, మనిషిని తిరిగి సమాజంలోకి తేవాలి అంటుంది. దాని రచనలో పాల్గొన్నవాడు క్లాసులో అదే చెప్పాడు. మరి ఆయన్ని చంపినవాళ్లకి?

పాతపుస్తకం
మొరెత్తీకి ఆరు యావజ్జీవాలు పడ్డాయి. 1997 నుంచి పగలు బయట పనిచేసుకుని రాత్రి జైలుకి వచ్చే వెసులుబాటు ఇచ్చారు. దాని మీద ఇటలీలో గోల చేసినవాళ్లు తక్కువేం కాదు. మోరో కూతురు ఆన్యేజె మాత్రం కొన్నేళ్ల పాటు మాజీ రెడ్ బ్రిగేడ్స్ వాళ్లతో, హతుల కుటుంబాలతో కలిసి మూసిన తలుపుల వెనక కూర్చుని మాట్లాడింది. మొరూచ్చీ లాగే మోరోని చంపొద్దని వాదించి, తర్వాత ముఠా నుంచి విడిపోయిన ఫరాందా కూడా అందులో ఉంది. ఆన్యేజె వాళ్లని వెనకేసుకు రాలేదు. జరిగింది జరగనట్టు చేసే శిక్ష ఏదీ లేదు, కాబట్టి వాళ్ల ముఖం చూసి మాట్లాడతాను అంది. తండ్రి పాఠం విన్నదో లేదో గానీ, ఆ క్లాసు పిల్లలకన్నా బాగా వంటబట్టించుకుంది.

ఓరుగల్లు పోరడు
అందరు కుటుంబాలోళ్లు గట్ల పోలే. పోనోళ్లది కూడ తప్పనొద్దు.

పాతపుస్తకం
అనను.

బెజవాడ బాబ్జీ
మాస్టారూ, అక్కా, అందరికీ థాంక్స్. 1990లో మిలాన్ ఫ్లాట్‌లో గోడ వెనక దొరికిన మోరో రాతలు, గ్లాడియో అనే రహస్య సైనిక దళం సంగతి ఎవరూ ఎత్తలేదేంటి?

మోడరేటర్
ఎత్తితే ఈ థ్రెడ్ వెయ్యి పోస్టులవుతుంది. విడిగా తెరువు బాబ్జీ, లింకు ఇక్కడ పెట్టు.